రాజుగారి ఇల్లు, పనివాళ్ల ఊరు: శాండ్రింగ్‌హామ్ యాత్ర

ఇంగ్లండ్ నుంచి విశాఖ వచ్చి ఇంకా వారం కాలేదు. పేర్లూ రుచులూ మనుషుల మొహాలూ చెదిరిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

చెల్లెలు కేంబ్రిడ్జిలో ఉంటుంది. అమ్మా నేనూ వేసవంతా దానింట్లోనే ఉన్నాం. లండన్ చూపిస్తే అమ్మకు పెద్దగా నచ్చలేదు. "జనం మధ్యలో జనాన్ని చూడ్డానికి ఇంతదూరం రావాలా" అంది. అప్పుడు చెల్లి, "నార్ఫోక్ జిల్లా వెళ్లండక్కా. శాండ్రింగ్‌హామ్ అని రాజుగారి ఊరుంది, డయానా పుట్టింది అక్కడే" అంది. డయానా పేరు వినగానే అమ్మ పోపుల డబ్బా సర్దడం మొదలెట్టింది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. ఎక్కడికెళ్లినా ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వెంట ఉండాల్సిందే.

సెప్టెంబరు 9, కింగ్స్ లిన్

శాండ్రింగ్‌హామ్‌కి దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు కింగ్స్ లిన్. బస అక్కడే పెట్టుకున్నాం. చిన్న వంటగది ఉన్న గది, ఇంటి యజమానురాలు కింద అంతస్తులో ఉంటుంది. సామాను పెట్టేసి నది ఒడ్డుకు నడిచాం.

ఒకప్పుడు ఈ ఊరు ఇంగ్లండ్‌లోని పెద్ద రేవుల్లో ఒకటి. జర్మనీ వైపు నుంచి వచ్చే హాన్సా వర్తకులు 1475లో కట్టుకున్న గోదాము ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్‌లో అలాంటివి మిగిలింది అదొక్కటేనట. దానికి కొంచెం అవతల 1683లో కట్టిన కస్టమ్స్ హౌస్ నీళ్ల పక్కనే నిలబడి ఉంటుంది. పక్కన కెప్టెన్ జార్జి వాంకూవర్ విగ్రహం. కెనడాలోని వాంకూవర్ నగరానికి ఈ నావికుడి పేరే పెట్టారు, ఆయన పుట్టింది ఇక్కడే. మా మేనల్లుడు వాంకూవర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు, అందుకని అమ్మ ఆ విగ్రహం దగ్గర ప్రత్యేకంగా ఫొటో తీయించుకుంది.

చేపల దుకాణంలో ఐస్ మీద చేపల పక్కన ఒక ఆకుపచ్చ కాడల కుప్ప కనిపించింది. దాన్ని సాంఫైర్ అంటారు. సముద్రపు ఆటుపోటు వచ్చిపోయే ఉప్పు బురదలో పెరుగుతుంది. నార్ఫోక్ వాళ్లకు ఇది ప్రాణం. వేసవిలో మాత్రమే దొరుకుతుంది, మేం వెళ్లేసరికి చివరి రోజులు. గుప్పెడు సంచి రెండున్నర పౌండ్లు. దుకాణదారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి మరీ చెప్పాడు: మూడు నిమిషాలు ఉడికించాలి, ఉప్పు అస్సలు వెయ్యకూడదు, వెన్న వెయ్యాలి. అమ్మ వెన్న సంగతి పక్కన పెట్టి వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలతో పోపు పెట్టింది. ముదురు కాడలకు లోపల నార ఉంటుంది, ములక్కాడ తిన్నట్టు పళ్లతో లాగి పారేయాలి. అన్నంలో కలుపుకుంటే ఉప్పగా, కరకరలాడుతూ చాలా బాగుంది. ఇంగువ వాసన కిందికి పోయిందేమో, యజమానురాలు పైకొచ్చి తలుపు తట్టింది. ఫిర్యాదేమో అని కంగారుపడ్డాను. ఒక స్పూను రుచి చూసి, ఇంకో స్పూను అడిగింది.

ఆవిడే చెప్పింది క్రిస్మస్ సంగతి. రాజకుటుంబం క్రిస్మస్ రోజు పొద్దున శాండ్రింగ్‌హామ్ చర్చికి నడిచి వస్తుంది. వాళ్లను చూడ్డానికి జనం చీకటితోనే వచ్చి చలిలో నిలబడతారు. తను చిన్నప్పుడు వాళ్లమ్మతో వెళ్లిందట. రాణిగారు ఏ రంగు కోటు వేసుకుందో ఇప్పటికీ గుర్తుంది ఆవిడకి.

సెప్టెంబరు 10, ఇంటి లోపల

బస్సు మనిషికి మూడు పౌండ్లు. ఇంగ్లండ్‌లో చాలా లోకల్ బస్సులకు ఇప్పుడు గరిష్ఠ ధర అదే. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు, చిన్న పిల్లలు కూడా. రెండో రోజునుంచి అమ్మ కూడా "థాంక్యూ బాబూ" అని చెప్పడం మొదలెట్టింది.

దిగగానే అమ్మ అటూ ఇటూ చూసి, "ఊరేదే?" అంది.

న్యాయమైన ప్రశ్నే. పైన్ చెట్లు, రోడోడెండ్రాన్ పొదలు, వాటి మధ్య వెడల్పాటి గడ్డిదారులు. ఒక చర్చి, కొన్ని ఇళ్లు, సందర్శకుల కోసం కట్టిన దుకాణం, కెఫే. బజారు లేదు. 2011 లెక్కల ప్రకారం ఈ గ్రామ పరిధి మొత్తంలో ఉన్నది 437 మంది. కానీ ఎస్టేటు మాత్రం దాదాపు 20,000 ఎకరాలు. పొలాలు, అడవి, పళ్లతోటలు, చిత్తడి నేలలు, చుట్టుపక్కల పల్లెలు అన్నీ కలిపి.

1862లో విక్టోరియా రాణి పెద్ద కొడుకు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయిన యువరాజు కోసం దీన్ని 2,20,000 పౌండ్లకు కొన్నారు. ఉన్న ఇల్లు చాల్లేదని పడగొట్టి 1870 నాటికి కొత్తది కట్టారు. ఎర్ర ఇటుక, మధ్య మధ్య సున్నపురాయి, బోలెడన్ని పొగగొట్టాలు. ఇది ప్రభుత్వ ఆస్తి కాదు, రాజుగారి సొంత ఆస్తి. అందుకే 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె దిగినప్పుడు తమ్ముడు ఆరో జార్జి దీన్ని అన్న దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. అన్నదమ్ముల పంపకాలు ఎక్కడైనా ఉంటాయి మరి, అంది అమ్మ.

ఇల్లూ తోటలూ కలిపి టికెట్టు మనిషికి పాతిక పౌండ్ల దాకా అయింది. మన డబ్బుల్లో మూడు వేల దగ్గర. ఎక్కువే. కానీ రోజంతా ఉండొచ్చు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. దాంతో కళ్లు పనిచేస్తాయి, అది నాకు నచ్చింది.

మొదటి హాలులో తోలు సీటున్న ఒక తూకం యంత్రం ఉంది. ఏడో ఎడ్వర్డ్ అతిథుల్ని వచ్చినప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి తూచేవాడట. బరువు పెరిగితే మర్యాద బాగా జరిగినట్టు. ఆ గదిలోనే బల్లమీద బొమ్మ ముక్కలు కలిపే జిగ్‌సా పజిల్ ఉంది. కుటుంబం సెలవులకు వచ్చినప్పుడు అందరూ వచ్చిపోతూ తలో ముక్కా పెడతారట. భోజనాల గది గోడల నిండా స్పెయిన్ చిత్రకారుడు గోయా చిత్రాల ఆధారంగా నేసిన తివాచీ తెరలు, స్పెయిన్ రాజు బహుమతి. వీటన్నిటికన్నా ఆ పజిల్ బల్ల దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడుతున్నారు.

ప్రతి గదిలో ఒక గైడ్ ఉంటారు. ఎక్కువమంది రిటైరైన వాళ్లు. అడిగితేనే చెబుతారు, అడిగితే మాత్రం అలుపు లేకుండా చెబుతారు. 1932లో అయిదో జార్జి మొట్టమొదటి క్రిస్మస్ రేడియో సందేశం ఇచ్చింది ఈ ఇంట్లోని చిన్న గది నుంచే. రాసిపెట్టింది రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. 1957లో రెండో ఎలిజబెత్ మొదటిసారి టీవీలో క్రిస్మస్ సందేశం ఇచ్చింది కూడా ఇక్కడి లైబ్రరీ నుంచే. ఈ అయిదో జార్జికి ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదేనట. 1936 జనవరి 20న ఇక్కడే పోయాడు.

"మన కేజీహెచ్ జార్జి ఈయనేనా?" అంది అమ్మ.

అవును. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో మొదలైంది, అప్పుడు రాజు ఈయనే. నేను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఆ మాట గైడుకు చెబితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అయితే మీకూ ఈ ఇంటితో ఏదో ఉంది" అంది. ఏమిటో చెప్పలేను కానీ, ఆ మాటతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆరో జార్జి సంగతి వేరు. ఆయన పుట్టింది ఈ ఎస్టేటులోని యార్క్ కాటేజీలో, 1895 డిసెంబరు 14న. పోయింది ఈ ఇంట్లో, 1952 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున నిద్రలో. ముందురోజు కూడా కుందేళ్ల వేటకు వెళ్లాడు. మన దేశానికి చివరి బ్రిటిష్ చక్రవర్తి ఆయనే. మా ఇంట్లో దేవుడి గూట్లో పసుపు కుంకాల కింద ఇప్పటికీ ఒక జార్జి బొమ్మ రూపాయి ఉంది. అమ్మమ్మ పెట్టింది.

నన్ను ఎక్కువసేపు ఆపింది బాల్‌రూమ్. గోడలమీద వరుసగా కత్తులు, డాళ్లు, బల్లేలు. 1875-76లో ఎడ్వర్డ్ యువరాజుగా మన దేశం తిరిగి వెళ్లినప్పుడు మన రాజులూ నవాబులూ ఇచ్చినవి. పిడి మీద బంగారు తీగ పొదిగిన పని చూస్తే చెయ్యి పెట్టాలనిపిస్తుంది. ఇచ్చిన రాజుల పేర్లు చరిత్రలో ఉంటాయి. ఆ తీగ పొదిగినవాడు ఎవరో, ఏ ఊరివాడో! ఇంత దూరంలో, నాట్యాలు చేసుకునే గదిలో వాటిని చూడటం నాకు బాధగానే ఉంది. అయినా బాగా చూసుకుంటున్నారు, దుమ్ము లేదు, తుప్పు లేదు. రెండూ నిజమే.

అమ్మ అప్పటిదాకా మౌనంగా ఉండి, అక్కడున్న గైడును అడగమని నాకు చెప్పింది: "ఇంత ఇంటికి వంటవాళ్లు, చాకళ్లు, తోటవాళ్లు ఎంతమంది ఉండేవారో, వాళ్లు ఎక్కడ పడుకునేవారో కనుక్కో."

అమ్మకు ఆ ప్రశ్న రావడానికి కారణం ఉంది. మా తాతగారు విజయనగరం వైపు ఒక జమీందారీ దివాణంలో గుమాస్తా. అమ్మ పుట్టేనాటికే జమీందారీలు పోయాయి. కానీ దివాణం వెనక వీధి కబుర్లు వింటూ పెరిగింది. పెద్దింటి ముందు గదుల కన్నా వెనక వీధి మీదే ఆవిడకు ధ్యాస.

గైడ్ పెద్దావిడ నవ్వలేదు, తేలిగ్గా తీసుకోలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "ఈ ఇంట్లో దానికి జవాబు దొరకదు. రేపు చర్చి దగ్గరికి వెళ్లండి, తర్వాత వెస్ట్ న్యూటన్ వెళ్లండి" అంది.

మధ్యాహ్నం కెఫేలో స్కోన్ అనే చిన్న రొట్టె, జామ్, గడ్డ మీగడ, టీ. ఇద్దరికీ పదిహేను పౌండ్లు దాటింది. ముందు జామా, ముందు మీగడా అని పక్క బల్లవాళ్లు పోట్లాడుకున్నంత పని చేశారు. ఎస్టేటు తోటల యాపిల్ రసం సీసా కొన్నాం, పంచదార వెయ్యనిది, కొంచెం పులుపు. అమ్మకు స్కోన్ కన్నా అదే నచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర మాత్రం బయట బెంచీ మీద కూర్చుని తిన్నాం.

తోటలో ఊహించని చుట్టం ఎదురయ్యాడు. బంగారు పూత పూసిన కంచు విగ్రహం, కూర్చున్న భంగిమ, రెండు వైపులా రాతి సింహాలు. కుబేరుడు! చైనాలో పోత పోసిన బౌద్ధుల కుబేరుడు. హెన్రీ కెపెల్ అనే నౌకాదళ అధికారి తన స్నేహితుడు ఎడ్వర్డ్ కోసం తెచ్చాడు. అమ్మ చెప్పులు విడిచి గడ్డిమీద నిలబడి దణ్ణం పెట్టింది. పక్కన కుక్కతో వెళ్తున్న జంట మాట్లాడటం ఆపేసి, కుక్క తాడు దగ్గరికి లాక్కుని, ఆవిడ కళ్లు తెరిచేదాకా కదల్లేదు. ఆ మర్యాద నాకు ఎంతో ముద్దొచ్చింది.

చెరువు పైన రాళ్ల గుట్ట మీద ఒక చిన్న విశ్రాంతి మందిరం ఉంది. దాన్ని రాణిగారి గూడు అంటారు. ఎడ్వర్డ్ పోయాక, 1913లో, అలెగ్జాండ్రా రాణికి ఆమె కొలువులోని ముసలి జనరల్ ప్రోబిన్ కట్టించి ఇచ్చాడు. 1857లో మన దేశంలో యుద్ధం చేసి విక్టోరియా క్రాస్ పొందినవాడే ఆ ప్రోబిన్. తన కానుక చిన్నదని, తాను ముసలి సేవకుణ్ణని అక్కడ రాయించుకున్నాడు.

సెప్టెంబరు 11, చర్చి, వెస్ట్ న్యూటన్

పొద్దున సన్నగా జల్లు. గొడుగు తీసింది మేమిద్దరమే, మిగతావాళ్లు వాన లేనట్టే నడుస్తున్నారు.

సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి బయటనుంచి మామూలు పల్లెటూరి చర్చి. ఇక్కడి గోడలన్నీ బెల్లం రంగు రాయి, దాన్ని కార్‌స్టోన్ అంటారు, ఈ ప్రాంతంలోనే తవ్వుతారు. లోపలికి అడుగుపెడితే వెండి. బలిపీఠం వెండిది, ప్రసంగ వేదికకు వెండి తొడుగు. అమెరికా వ్యాపారి రాడ్‌మన్ వానమేకర్ ఇచ్చినవి. గోడల నిండా రాజకుటుంబంలో పోయినవాళ్ల జ్ఞాపిక పలకలు.

బయట సమాధుల్లో ఒకటి జాన్ అనే రాకుమారుడిది. అయిదో జార్జి చిన్న కొడుకు. మూర్ఛరోగం. పదమూడేళ్లకే 1919 జనవరి 18న పోయాడు. చివరి ఏళ్లు వుల్ఫర్టన్ పల్లెలోని వుడ్ ఫార్మ్ అనే ఇంట్లో, కుటుంబానికి దూరంగా పెరిగాడు. దగ్గరుండి చూసుకున్నది లాలా అని అందరూ పిలిచే ఆయా, షార్లెట్ బిల్. ఆ సంగతి చదివి వినిపిస్తే అమ్మ అక్కడే గోడ మీద కూర్చుండిపోయింది. "కన్నతల్లి కాదు, ఆ లాలాయే తల్లి" అంది.

చర్చికి దగ్గర్లోనే యుద్ధ స్మారక శిలువ. నిన్న గైడ్ చెప్పిన జవాబు ఇక్కడే మొదలైంది. 1908లో ఏడో ఎడ్వర్డ్ కోరిక మీద ఎస్టేటు మేనేజరు ఫ్రాంక్ బెక్ ఇక్కడి తోటమాలులు, గుర్రపు శాలవాళ్లు, అడవి కాపలావాళ్లు, పాలేర్లను కలిపి ఒక సైనిక దళం తయారు చేశాడు. ఇంట్లో ఎవరు ఏ హోదాలో పనిచేస్తే దళంలోనూ దాదాపు అదే హోదా: పెద్ద ఉద్యోగులు అధికారులు, కింది పనివాళ్లు సిపాయిలు. జనం దాన్ని శాండ్రింగ్‌హామ్ కంపెనీ అనేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్లను టర్కీలోని గలిపొలి పంపారు. 1915 ఆగస్టు 12 సాయంత్రం సువ్లా దగ్గర నార్ఫోక్ రెజిమెంటు అయిదో బెటాలియన్‌తో పాటు ముందుకు నడిచారు. చాలామంది తిరిగి రాలేదు. బెక్‌కు అప్పటికి యాభై దాటాయి, ఆయన కూడా రాలేదు. ఏమయ్యారో చాలాకాలం తెలియలేదు, మేఘంలోకి నడిచి మాయమయ్యారని కథలు కూడా పుట్టాయి. 1919లో ఆ నేలమీద నార్ఫోక్ సైనికుల శవాలు నూట ఇరవైకి పైగా దొరికాయి.

మేఘం కథ అందంగా ఉంటుంది, అందుకే నిలబడింది. కానీ ఆ పేర్ల ముందు నిలబడితే దాని మీద కోపం వస్తుంది. ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ కనపడితే, ఒకే ఎస్టేటు పల్లెల్లో ఒకే వారంలో ఎన్ని ఇళ్లకు ఆ కబురు వెళ్లి ఉంటుందో ఊహించుకోవచ్చు. గులాబీలకు పాదులు తీసినవాళ్లు వాళ్లు.

అక్కణ్ణుంచి వెస్ట్ న్యూటన్ పెద్ద దూరం కాదు. ఫోను చూపించిన రోడ్డుమీద నడక బాట లేదు, కార్లు జోరుగా వస్తున్నాయి. అమ్మతో అలా నడవలేక వెనక్కి తిరుగుతుంటే ఒక పికప్ వ్యాను ఆగింది. వెనక ట్రేలో రెండు కుక్కలు. టోపీ పెట్టుకున్న ముసలాయన అద్దం దించి, రోడ్డు వదిలి చెట్ల మధ్య గడ్డి దారి పట్టమని చూపించాడు. ఎక్కించుకుంటానని కూడా అన్నాడు కానీ కుక్కల్ని చూసి అమ్మ వద్దంది.

ఆ గడ్డి దారి పక్కన పొదల నిండా నల్ల బ్లాక్‌బెర్రీలు. ఎవరైనా కోసుకోవచ్చు. అమ్మ కొంగు చివర ఊదా మరక ఇప్పటికీ పోలేదు.

వెస్ట్ న్యూటన్ చూడగానే "ఇదిగో ఊరు" అంది అమ్మ. ఎస్టేటు పనివాళ్ల కోసం ఎడ్వర్డ్ కాలంలో కట్టించిన బెల్లం రంగు ఇళ్లు వరుసగా. ముందు చిన్న తోట, వెనక కూరల మడులు. బడి, చర్చి, క్లబ్బు, ఊరి హాలు. ఒక ఇంటి గేటు దగ్గర బల్ల మీద ప్లమ్ పళ్ల సంచులు, గుడ్ల అట్టలు, పక్కన చిల్లర వేసే డబ్బా. మనిషి లేడు. సంచి పౌండున్నర. డబ్బాలో రెండు పౌండ్లు వేశాను, చిల్లర తీసుకోబుద్ధి కాలేదు.

హాలు ముందు పూలకు నీళ్లు పెడుతున్న ఆవిడ పలకరించింది. అమ్మ చీర ఎక్కడ నేశారో అడిగింది. పొందూరు అని చెప్పి, చేత్తో వడికిన నూలని నేను వివరిస్తే కొంగు పట్టుకుని చూస్తానని అనుమతి అడిగి మరీ చూసింది. తర్వాత హాలు వైపు చెయ్యి చూపించి చెప్పింది: రెండో ఎలిజబెత్ రాణి ప్రతి జనవరిలో ఇక్కడి మహిళా మండలి సమావేశానికి వచ్చేది. వాళ్లమ్మ, వాళ్ల నాయనమ్మ మేరీ రాణి కూడా సభ్యులే. మిగతావాళ్లతో కూర్చుని టీ తాగేది. "కేకులు ఎవరు చేసేవారు?" అని అమ్మ ప్రశ్న. "మేమే!" అంటూ ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ మొహంలో గర్వం చూడాల్సిందే.

వాళ్ల తాత ఇక్కడ వేట జంతువుల కాపలాదారట. ఆవిడ నోటే విన్నాను శాండ్రింగ్‌హామ్ టైం సంగతి. ఏడో ఎడ్వర్డ్‌కు వేట పిచ్చి. చలికాలంలో వెలుతురు చాలదని ఎస్టేటులో గడియారాలన్నీ అరగంట ముందుకు తిప్పించాడు. చుట్టుపక్కల పన్నెండున్నర అయితేనేం, ఇక్కడ ఒంటిగంట. కొడుకు అయిదో జార్జి కూడా దాన్నే కొనసాగించాడు. 1936లో తండ్రి పోయిన రాత్రే ఎనిమిదో ఎడ్వర్డ్ గడియారాల్ని మామూలు టైముకు తిప్పించేశాడు. చదువుకుంటే అది రాజుగారి సరదా. ఈ వీధిలో నిలబడి వింటే వేరుగా అర్థమవుతుంది. రాజుగారి అరగంట అంటే పొయ్యి వెలిగించేవాడికి, గుర్రానికి జీను కట్టేవాడికి, పొద్దున్నే పొదలు కొట్టి పక్షుల్ని లేపేవాడికి కూడా అరగంటే.

సెప్టెంబరు 12, వుల్ఫర్టన్, హన్‌స్టంటన్

వుల్ఫర్టన్‌కి టాక్సీలో వెళ్లాం, పదిహేను పౌండ్లు. దిగుతుంటే డ్రైవరు చెప్పాడు, గంటలో మళ్లీ అటు వస్తానని. వెయిటింగ్ చార్జీ వద్దన్నాడు.

రైలు వచ్చిన రోజుల్లో రాజులూ అతిథులూ దిగింది ఇక్కడే. జర్మనీ కైజర్ కూడా. 1862లో వేసిన లైను 1969లో మూతపడింది. స్టేషను ఇప్పుడు ప్రైవేటు ఇల్లు, కానీ ప్లాట్‌ఫారం, గడియారం, సిగ్నల్ గది అన్నీ అలాగే ఉంచారు. దీపస్తంభాల మీద చిన్న చిన్న కిరీటాలు. ఇంటివాళ్ల ప్రశాంతత పాడుచేయకుండా చూసిపొమ్మని టాక్సీ ఆయన ముందే చెప్పాడు. మెల్లగా మాట్లాడుకుంటూ తిరిగాం.

ఇద్దరు రాజుల శవపేటికలు లండన్ బయల్దేరింది ఈ ప్లాట్‌ఫారం నుంచే. 1936 జనవరి 23న తండ్రి అయిదో జార్జిది, 1952 ఫిబ్రవరి 11న కొడుకు ఆరో జార్జిది. అంతకు ముందు ఆ పేటికలు నిన్న మేం చూసిన చిన్న చర్చిలో ఉన్నాయి. వాటికి కాపలా ఉన్నది లండన్ సైనికులు కాదు, ఎస్టేటు పనివాళ్లు. అడవి కాపలాదారులు, తోటవాళ్లు వంతులు వేసుకుని రాత్రింబవళ్లు నిలబడ్డారు. ఆరో జార్జి పేటికకు కలప కూడా ఈ ఎస్టేటు ఓక్ చెట్టుదే. నాకు వెండి బలిపీఠం కన్నా ఈ సంగతి గొప్పగా తోచింది. అమ్మతో అంటే, "వాళ్ల మనిషి కదా మరి" అంది. రాజు ఎవరి మనిషో, పనివాళ్లు ఎవరి మనుషులో ఆ మాటలో రెండర్థాలూ ఉన్నాయి, ఆవిడ విడదీయలేదు.

డయానా పుట్టిన పార్క్ హౌస్‌ను దూరం నుంచే చూశాం. 1961 జూలై 1న పుట్టింది. ఆ ఇల్లు ఎస్టేటుదే, వాళ్ల కుటుంబం అద్దెకుండేది. అమ్మ ఎంతో ఆశపడింది కానీ చూడ్డానికి చెట్ల వెనక గోడా కప్పూ తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం బస్సులో హన్‌స్టంటన్. సముద్రం ఒడ్డు ఊరు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్నా పడమటి వైపు చూస్తుంది. కొండ గోడలు కింద బెల్లం రంగు, మధ్య ఎరుపు, పైన తెలుపు, పొరలు పొరలుగా. కింది పొర చూపిస్తూ అమ్మతో అన్నాను, ఈ మూడు రోజులూ మనం చూసిన ఇళ్ల రాయి అదేనని. వెళ్లి చేత్తో రుద్ది చూసింది, ఇసుక రాలింది.

చేపలూ చిప్స్ పదమూడు పౌండ్లు, నాకు. అమ్మకు చిప్స్ మాత్రం, వెనిగర్ వద్దని, కారప్పొడి చల్లుకుని. కౌంటరు కుర్రాడు ఆ పొడి ఏమిటని అడిగితే అమ్మ వాడి అరచేతిలో చిటికెడు పోసింది. ఒక చిప్‌కి అద్దుకుని తిని, దగ్గి, నీళ్లు తాగి, లోపలున్న ఇంకో ఇద్దరిని పిలిచాడు. వాళ్లూ దగ్గారు. మాకు రెండో పొట్లం ఉచితంగా కట్టిచ్చారు.

వెళ్లాలనుకునేవాళ్లకు: ఇల్లు ఏడాదంతా తెరిచి ఉండదు, చలికాలంలో కుటుంబం వస్తే మూసేస్తారు, కాబట్టి తేదీలు చూసుకుని వెళ్లండి. చుట్టూ అడవి బాటలకు మాత్రం టికెట్ లేదు. జూలై చివర్లో ఒక బుధవారం పూల ప్రదర్శన జరుగుతుంది, 1881లో మొదలైందట, చుట్టుపక్కల పల్లెల వాళ్లంతా తమ తోటల కూరలూ పూలూ తెచ్చి పోటీ పడతారు. వెస్ట్ న్యూటన్ ఆవిడ బీన్స్‌కు రెండుసార్లు బహుమతి వచ్చిందట. వచ్చే ఏడు ఆవిడ కోసం పంపమని అమ్మ ఇప్పటికే చెల్లికి ఫోనులో చెప్పింది: పొందూరు చీర కాదు, సొరకాయ విత్తనాలు.